90 రోజుల్లో 61 అయిపోయాయి

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది హిందూపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాను. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా తమ్ముడికి 28 ఏళ్లు. కెనడాలో బ్రాంప్టన్ దగ్గర రెండేళ్ల డిప్లొమా చదివాడు. చదువయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ వస్తుందని అందరూ అన్నారు, వాడూ అదే అనుకున్నాడు. తీరా పర్మిట్ మీద రెండేళ్ల రెండు నెలలే ఉంది. పాత పాస్‌పోర్ట్ గడువు ఆ రోజుతో తీరిపోతుంది కాబట్టి అంతవరకే ఇచ్చారట. పాస్‌పోర్ట్ టైముకే రెన్యూ చేయించుకున్నాడు గానీ పర్మిట్ కాగితం తీసి చూసుకోలేదు. తేదీ దాటాక కూడా 40 రోజులు డ్యూటీకి వెళ్లాడు. హెచ్ఆర్ వాళ్లు కొత్త పర్మిట్ కాపీ అడిగితే అప్పుడు బయటపడింది. ఆ రోజే పని మాన్పించారు. మాకు చెప్పడానికి వాడికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఈ రోజుకి మొత్తం 61 రోజులు. వాడు మొదటి ఏడాది వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ చేశాడు, తర్వాత సూపర్‌వైజర్ అయ్యాడు.

మారతహళ్లిలో ఒక ఏజెంటుని కలిశాం. "స్టేటస్ (అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు) పోయినా ఏం కాదు, పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేసేస్తే అదే స్టేటస్ ఇస్తుంది. ఆ 40 రోజులు పనిచేసినట్టు మాత్రం ఎక్కడా రాయొద్దు" అన్నాడు. ఆరు లక్షలు అడిగాడు, ముందు రెండు లక్షలు కట్టమంటున్నాడు. నా నగలు బ్యాంకులో పెడదామని మా ఆయన అంటున్నారు. మా అమ్మకి ఇంకా ఏమీ తెలియదు. కొడుక్కి పీఆర్ వచ్చేసినట్టే చెప్పుకుని సంబంధాలు చూస్తోంది. స్టేటస్ లేకుండా పీఆర్‌కి అప్లై చేయొచ్చా? లేక వాడిని వచ్చేయమనమంటారా?

– పేరు వద్దన్న పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివిన రాత్రే మీకు మూడు ముక్కలు రాసి పంపాను. ఏజెంటుకి డబ్బు కట్టొద్దని, తమ్ముడు ఇంకెక్కడా ఒక్క గంట కూడా పనిచేయొద్దని, అక్కడి వకీలుతో తెల్లారే మాట్లాడమని. అవి ఎందుకు రాశానో ఇప్పుడు వివరంగా చెబుతాను. ఇలాంటి కష్టంలోనే ఉండి ఎవరికీ చెప్పుకోలేకపోతున్న పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల అక్కలూ అమ్మలూ కూడా ఇది చదువుతారని నా ఆశ.

ముందు ఏజెంటు మాట సంగతి. పీఆర్‌కి దరఖాస్తు పెట్టినంత మాత్రాన కెనడాలో ఉండే హక్కు రాదు, పనిచేసే హక్కు అసలే రాదు. మరి అంత ధీమాగా ఎలా చెప్పగలిగాడంటే, వేరే రెండు నిబంధనల్లో ఒక్కో ముక్క తీసుకుని అతికించాడు. మొదటిది మెయింటైన్డ్ స్టేటస్. పర్మిట్ గడువు తీరకముందే పొడిగింపుకి దరఖాస్తు చేసుకున్నవాళ్లు, దాని మీద నిర్ణయం వచ్చేవరకు పాత షరతుల మీదే అక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. గడువు తీరాక వేసిన దరఖాస్తుకి ఈ రక్షణ లేదు. రెండోది బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్. పీఆర్ ఫైలు ఒక దశ దాటినవాళ్లకి నిర్ణయం వచ్చేలోపు పని చేసుకోవడానికి ఇచ్చేది. దానికి విడిగా అప్లై చేయాలి, విడిగా అర్హత ఉండాలి. మీ తమ్ముడికి ఇంకా పీఆర్‌కి దరఖాస్తు పెట్టుకోమనే పిలుపే రాలేదు. ఈ రెండింట్లో ఏదీ అతనికి ఈ రోజు వర్తించదు.

అతనికి వర్తించేది వేరే ఉంది. ఏజెంటు దాని ఊసే ఎత్తకపోవడం నాకు మింగుడుపడలేదు. స్టేటస్ పోయిన రోజు నుంచి 90 రోజుల లోపు, కెనడాలో ఉండగానే, పోయిన స్టేటస్‌ని తిరిగి ఇమ్మని అడిగే వీలు అక్కడి చట్టంలో ఉంది. దాన్ని రిస్టోరేషన్ అంటారు. లెక్క మొదలయ్యేది పర్మిట్ మీదున్న తేదీ నుంచి. ఉద్యోగం ఆగిన రోజు నుంచి కాదు, విషయం తెలిసిన రోజు నుంచి కూడా కాదు. మీరు రాసిన రోజుకి 61. ఈ పేజీ మీ చేతికి వచ్చేసరికి 68 అవుతుంది. 90వ రోజు దాకా ఆగితే సర్వర్ మొరాయించినా, ఫీజు కార్డు పనిచేయకపోయినా అంతా పోతుంది. 75వ రోజుకల్లా దరఖాస్తు వెళ్లిపోయి రసీదు చేతికి రావాలి. అంటే మీకు మిగిలింది ఒక్క వారం.

ఇందులో మీ వాడికి కలిసొచ్చే సంగతి ఒకటుంది. చదువు తర్వాత ఇచ్చే ఆ వర్క్ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు, మామూలుగా పొడిగించరు. కానీ పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడిందన్న కారణంగా తక్కువ కాలానికి ఇచ్చి ఉంటే, కొత్త పాస్‌పోర్ట్ చూపించి మిగిలిన కాలాన్ని అడగొచ్చు. రెండేళ్ల డిప్లొమాకి మూడేళ్లు రావాలి, ఇతనికి రెండేళ్ల రెండు నెలలు ఇచ్చారు. ఆ తేడా పది నెలల్లో రెండు ఇప్పటికే కరిగిపోయాయి, మిగతా ఎనిమిది నెలలు ఇంకా అడగదగ్గవే. కాబట్టి అతను పెట్టాల్సింది రెండూ కలిసిన దరఖాస్తు: స్టేటస్ తిరిగి ఇవ్వండి, దాంతోపాటు నా పర్మిట్‌లో మిగిలిన కాలం ఇవ్వండి అని. రెండు ఫీజులూ కట్టాలి. పాత పర్మిట్, పాత పాస్‌పోర్ట్‌లో గడువు పేజీ, కొత్త పాస్‌పోర్ట్, కాలేజీ పూర్తి చేసిన పత్రం జత చేయాలి. పాస్‌పోర్ట్ గడువు, పర్మిట్ గడువు ఒకే తేదీ కావడం మీ తమ్ముడి కథకి పెద్ద సాక్ష్యం. పొరపాటు ఎక్కడ జరిగిందో ఆ రెండు కాగితాలే చెబుతాయి.

ఇక ఆ 40 రోజులు. మీ ఉత్తరంలో నాకు బరువుగా అనిపించింది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తెలియక చేసినా అది అనుమతి లేని పనే. దరఖాస్తు ఫారంలో సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది: గడువు దాటి ఉన్నారా, అనుమతి లేకుండా చదివారా, పనిచేశారా అని. మీ ఏజెంటు అక్కడ "లేదు" అని టిక్ పెట్టమంటున్నాడు. ఆ టిక్ పెట్టాక ఏం జరుగుతుందో చూడండి. ఉద్యోగం ఆగిన తర్వాత కంపెనీ ప్రభుత్వానికి పంపే రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్‌లో చివరి పనిదినం ఉంటుంది. ఏడాది ముగిశాక ఇచ్చే టీ4 స్లిప్పులో జీతం మొత్తం ఉంటుంది. రేపు పీఆర్ కోసం అదే కంపెనీ ఇచ్చే అనుభవ పత్రంలో చేరిన తేదీ, మానిన తేదీ రెండూ ఉంటాయి. ఈ మూడు కాగితాలూ ఒక మాట చెబుతుంటే మీవాడి ఫారం ఇంకో మాట చెబుతుంది. ఆఫీసర్ పెద్దగా పరిశోధన చేయక్కర్లేదు, పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

అలా దొరికితే దాన్ని ఆలస్యం కిందో పొరపాటు కిందో లెక్కగట్టరు. మిస్‌రిప్రజెంటేషన్ అంటారు, అంటే ముఖ్యమైన నిజాన్ని దాచడం. శిక్ష ఐదేళ్ల నిషేధం. ఆ ఐదేళ్లూ పీఆర్‌కి దరఖాస్తు కూడా పెట్టలేడు. 28 ఏళ్లవాడికి ఐదేళ్లు అంటే ఎంతో మీకు వేరే చెప్పాలా. తేదీ చూసుకోకపోవడం అనే తప్పు 40 రోజులది. దాన్ని దాచడానికి ఆడే అబద్ధం ఖరీదు ఐదేళ్లు.

ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదమ్మా. నా మరిది 2011లో కెనడాకి అప్లై చేసుకున్నాడు. బెంగళూరులోనే ఒక ఏజెంటు, హోసూరులో లేని ఉద్యోగం ఉన్నట్టు ఏడాదిన్నర అనుభవ పత్రం తయారుచేసి ఫైల్లో పెట్టాడు. "అందరూ చేసేదే సార్" అన్నాడు. మా అత్తగారు దేవుడి గూట్లో ఆ ఫైలు పెట్టి పసుపు కుంకుమ వేసి పంపారు. ఆ పత్రంలో ఉన్న నంబరుకి కెనడా ఆఫీసు నుంచి ఫోన్ వెళ్లింది, ఎత్తినవాడికి మా మరిది పేరే తెలియదు. తిరస్కరించారు, నిషేధం పెట్టారు. అప్పట్లో అది రెండేళ్లు, 2014 నవంబర్ నుంచే ఐదేళ్లు చేశారు. ఆ రెండేళ్లు ఎలాగో గడిచాయి. కానీ ఆ తర్వాత ఏ దేశం వీసా ఫారం నింపినా "ఎప్పుడైనా తిరస్కరణ జరిగిందా" అన్న గడి దగ్గర అతని చెయ్యి ఆగిపోయేది. అతనికి నిజంగా ఉన్న నాలుగేళ్ల అనుభవమే ఆ దరఖాస్తుకి సరిపోయేదని తర్వాత తెలిసింది. ఆ అబద్ధం అవసరమే లేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

కాబట్టి మీ తమ్ముడు నిజం రాయాలి, పూర్తిగా రాయాలి. ఒక పేజీ వివరణ ఉత్తరం చాలు. పర్మిట్ మూడేళ్లని ఎందుకు నమ్మాడో, పాస్‌పోర్ట్ ఎప్పుడు రెన్యూ చేయించాడో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తెలియక పనిచేశాడో, తెలిసిన రోజే ఎలా ఆగిపోయాడో. హెచ్ఆర్ పంపిన మెయిల్ ఉంటే జత చేయాలి. వేడుకోళ్లు, మన ఇంటి కష్టాలు అందులో అక్కర్లేదు. తేదీలూ కాగితాలూ ఉంటే చాలు. రిస్టోరేషన్ ఇవ్వడం ఇవ్వకపోవడం ఆఫీసర్ విచక్షణ, తప్పక వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ 40 రోజుల పనిని నిబంధనల ప్రకారం ఎలా చూపించాలన్నది సున్నితమైన విషయం కాబట్టే వకీలు కావాలంటున్నాను. ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ, నగల మీద తెచ్చిన డబ్బు ఏజెంటు చేతిలో పోయడం కాదు.

వకీలుని ఎలా పట్టుకోవాలి? కెనడాలో డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ పని చేసే అధికారం కొందరికే ఉంది. అక్కడి రాష్ట్రాల లా సొసైటీల్లో సభ్యులైన వకీళ్లు, క్యూబెక్ నోటరీలు, ఒంటారియోలో లైసెన్సున్న పారాలీగల్స్, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ లైసెన్సున్న కన్సల్టెంట్లు. ఈ కాలేజ్ 2021 నవంబర్‌లో పాత సంస్థ స్థానంలో వచ్చింది. లైసెన్సున్నవాళ్ల జాబితా ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మీ ఏజెంటు పేరు అందులో ఉందేమో వెతకండి. లేకపోతే అతను మీ తమ్ముడి తరఫున డబ్బు పుచ్చుకుని ఈ పని చేయకూడదు. "మా హెడ్డాఫీసు టొరంటోలో ఉంది" అంటే ఆ హెడ్డాఫీసు వ్యక్తి పేరు, లైసెన్స్ నంబర్ అడిగి చూడండి. ఒంటారియో లా సొసైటీకి ఒక రెఫరల్ సర్వీస్ ఉంది. దాని ద్వారా వెళ్తే వకీలుతో మొదటి అరగంట దాకా ఉచితంగా మాట్లాడొచ్చు. ఆదాయం లేనివాళ్ల కోసం కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌లు కూడా ఉన్నాయి. ఇప్పుడు మీవాడికి జీతం లేదు, అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. ఇమిగ్రేషన్ అకౌంటు తమ్ముడి సొంత మెయిల్ మీదే తెరవాలి, పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉండాలి. మన ఊళ్లలో ఏజెంట్లు తమ మెయిల్‌తో తెరిచేస్తారు. ఆఫీసర్ అదనపు కాగితం అడిగిన సంగతి మనకి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఏం నింపారో, ఏం అబద్ధం పెట్టారో కూడా మనకి కనపడదు. సంతకం మాత్రం మనది, శిక్షా మనకే.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ప్రశ్నకి వస్తాను. పీఆర్ అవకాశం ఉందా? ఉంది, కానీ సులువని చెప్పలేను.

అక్కడ పనిచేసినవాళ్లకి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే పాయింట్లని బట్టి పీఆర్‌కి పిలిచే పద్ధతిలో, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అనే దారి ఉంది. గత మూడేళ్లలో ఏడాది పాటు, అంటే కనీసం 1,560 గంటలు, నైపుణ్యం ఉన్న కేటగిరీలో చట్టబద్ధంగా పనిచేసి ఉండాలి. మీవాడి ప్యాకింగ్ పని ఆ కేటగిరీలోకి రాదు. సూపర్‌వైజర్ పని సాధారణంగా వస్తుంది, అయితే హోదా పేరు చూడరు, అసలు చేసిన పనులు చూస్తారు. పర్మిట్ ఉన్న రెండేళ్ల రెండు నెలల్లో మొదటి ఏడాది ప్యాకింగ్ తీసేస్తే 14 నెలలు మిగిలాయి. ఏడాదికి సరిపోతాయి, పైన రెండు నెలల వెసులుబాటు. పర్మిట్ దాటిన 40 రోజులు ఎలాగూ లెక్కలోకి రావు. చూశారా, దేనికోసమైతే ఏజెంటు అబద్ధం చెప్పమంటున్నాడో ఆ 40 రోజుల అవసరం అతనికి లేనే లేదు. నా మరిది కథే మళ్లీ.

కంపెనీ నుంచి అనుభవ పత్రం ఇప్పుడే తీసుకోమనండి. మంచిగా విడిపోయారు కాబట్టి ఇప్పుడైతే ఇస్తారు, ఏడాది తర్వాత ఆ హెచ్ఆర్ మనిషే ఉండకపోవచ్చు. అందులో హోదా, చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం, తేదీలు ఉండాలి. ప్యాకింగ్ కాలం, సూపర్‌వైజర్ కాలం విడివిడిగా చూపించాలి.

కష్టం ఎక్కడంటే పాయింట్ల దగ్గర. 2024 అక్టోబర్‌లో కెనడా ప్రభుత్వం పీఆర్‌ల లక్ష్యాన్ని తగ్గించింది. 2025కి 5,00,000 అనుకున్నది 3,95,000 చేసింది. 2025 మార్చిలో ఉద్యోగ ఆఫరుకి ఇచ్చే అదనపు పాయింట్లు తీసేశారు. ఎక్కువ పాయింట్లున్నవాళ్లని విడతలుగా పిలవడాన్ని డ్రా అంటారు, ఆ ఏడాది ఈ క్లాసు వాళ్లని పిలిచిన డ్రాలన్నీ 500 పాయింట్ల పైనే ఆగాయి. రెండేళ్ల డిప్లొమా, ఏడాది అనుభవం ఉన్నవాళ్లకి ఆ అంకె అందడం కష్టమే. ఐఈఎల్‌టీఎస్ జనరల్ మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు. వయసు కలిసొస్తుంది, 29 దాకా పూర్తి పాయింట్లు, 30 నుంచి ఏటా తగ్గుతాయి. ఫ్రెంచ్ బాగా వచ్చినవాళ్లకి 2023 నుంచి విడిగా డ్రాలు తీస్తున్నారు, వాటి కటాఫ్ చాలా తక్కువ. పని లేకుండా గదిలో కూర్చున్న ఈ నెలల్లో ఫ్రెంచ్ మొదలుపెడితే వృథా పోదు. ఆ స్థాయికి రావడానికి ఏడాది పైనే పడుతుంది, రెండు నెలల్లో నేర్పిస్తామనే ప్రకటనలు నమ్మకండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్ పెట్టడానికి ఫీజు లేదు. పిలుపు వచ్చాక కట్టే ప్రభుత్వ ఫీజు 2024 ఏప్రిల్ 30న ఒక్కరికి 1,525 డాలర్లు చేశారు, మన లెక్కలో దాదాపు లక్ష రూపాయలు. మిగతా ఐదు లక్షలు దేనికో మీ ఏజెంటుని అడగండి.

పిలుపు వస్తే కాగితాలన్నీ పెట్టడానికి ఇచ్చేది 60 రోజులే. భారత్ నుంచి పోలీస్ క్లియరెన్స్, భాష పరీక్ష ఫలితం లాంటివి ముందే సిద్ధం చేసుకోవాలి. స్టేటస్ పోయి ఉన్నవాళ్ల పీఆర్ ఫైలుని, నిబంధనలు పాటించలేదన్న కారణంతో తిరస్కరించవచ్చు. అందుకే నేను చెప్పే వరుస ఇది: ముందు రిస్టోరేషన్, తర్వాతే పీఆర్. ఏజెంటు చెప్పినట్టు తలకిందులుగా కాదు.

మీ చెవిన ఇంకో రెండు దారులు పడతాయి, ముందే చెబుతున్నాను. "శరణార్థిగా అప్లై చేయించేద్దాం, వెంటనే వర్క్ పర్మిట్ వస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు. ప్రాణభయంతో దేశం విడిచి వచ్చినవాళ్ల కోసం పెట్టిన తలుపు అది. హిందూపురంలో అమ్మ, బెంగళూరులో అక్క ఉన్న కుర్రాడికి లేని భయం అల్లి చెప్పించడం పాపం. పైగా ఆ దరఖాస్తుతోపాటే షరతులతో కూడిన బహిష్కరణ ఉత్తర్వు కూడా ఫైల్లో పడుతుంది. రెండోది పెళ్లి. పీఆర్ ఉన్న అమ్మాయినో, అక్కడి పౌరురాలినో నిజంగా పెళ్లాడి కలిసి బతుకుతుంటే, స్టేటస్ దాటిపోయిన భర్తకి కూడా లోపలి నుంచే స్పాన్సర్ చేసే వెసులుబాటు 2005 నుంచి ఉంది. అది ఉపకారమే. కానీ కాగితం కోసం చేసుకునే పెళ్లిని ఆఫీసర్లు పట్టుకుంటారు, పట్టుకోకపోయినా ఒక ఆడపిల్ల జీవితం అందులో ఉంది.

వచ్చేయమనాలా అంటే, ఇప్పుడు కాదు. దేశం దాటితే రిస్టోరేషన్ ఆశ అక్కడితో పోతుంది. దరఖాస్తు వేసి, నిర్ణయం కోసం అక్కడే ఆగాలి, కానీ అది చేతికొచ్చేదాకా పని మాత్రం చేయకూడదు. చేతికి నగదు ఇస్తామనే హోటళ్లు, డెలివరీ వేరేవాళ్ల అకౌంటు మీద చేసుకోమనే స్నేహితులు తప్పకుండా ఎదురవుతారు. మొదటి 40 రోజులకి తెలియక అన్న జవాబు ఉంది, ఇప్పుడు చేసే ఒక్క రోజుకి ఏ జవాబూ లేదు.

ఒకవేళ తిరస్కరిస్తే, వకీలుతో మాట్లాడి, తన టిక్కెట్టు తాను కొనుక్కుని ఆలస్యం చేయకుండా వచ్చేయాలి. కెనడాలో గడువు దాటి ఉన్నంత మాత్రాన అమెరికాలోలాగా మూడేళ్లు, పదేళ్లు అంటూ దానంతట అదే నిషేధం పడదు. అధికారులు ఎక్స్‌క్లూజన్ ఆర్డర్ రాస్తే మాత్రం ఏడాది పాటు అనుమతి లేకుండా తిరిగి రాలేరు. అందుకే అందాకా తెచ్చుకోకూడదంటున్నాను. వచ్చేసినా, అక్కడ చట్టబద్ధంగా చేసిన 14 నెలలు మూడేళ్ల లెక్కలో ఉన్నంతకాలం బెంగళూరు నుంచి కూడా ప్రొఫైల్ పెట్టొచ్చు. వసంతనగర్‌లో అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఫ్రెంచ్ ఇక్కడే నేర్చుకోవచ్చు. ఇంటికి రావడాన్ని ఓడిపోవడంగా ఎవరైనా చూస్తే ఆ చూపు వాళ్లది.

ఇప్పుడు డబ్బు. ఇన్నాళ్లూ అతను పంపి ఉంటాడు, ఈ కొన్ని నెలలు మీరు పంపాలి. గది అద్దె, తిండి, వకీలు ఫీజు. పర్మిట్ లేకపోతే అక్కడ ప్రభుత్వ వైద్యం కూడా ఆగిపోవచ్చు కాబట్టి ఒక చిన్న ప్రైవేట్ ఇన్సూరెన్స్. ఏజెంటుకి మొదట కట్టమన్న రెండు లక్షలు వీటికి చాలావరకు సరిపోతాయి. ఆ మేరకు అయితే నగలు పెట్టడంలో తప్పులేదు, బ్యాంకు ద్వారా నేరుగా తమ్ముడి అకౌంటుకే పంపండి.

ఇంకొక్క మాట, ఇది నన్ను రెండు రాత్రులు వదల్లేదు. మూడు వారాలు ఆ పిల్లాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కడే మోశాడు. ఉద్యోగం లేదు, కాగితం లేదు, ఫోన్లో అమ్మ సంబంధాల గురించి చెబుతుంటే "ఊ" కొడుతూ ఉండి ఉంటాడు. ఫోన్ చేసినప్పుడు మొదటి మాటే కాగితాల గురించి కాకుండా తిన్నావా, నిద్రపడుతోందా అని అడగండి. వీడియో కాల్‌లో ముఖం చూడండి. మాటల్లో ఏ మాత్రం విరక్తి వినిపించినా కెనడాలో 988 అనే నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చని చెప్పండి, అది ఇలాంటి వేళలకే పెట్టారు. మీ ఆయనతోనూ ఒకసారి మాట్లాడించండి, బావ కోపంగా లేడని తెలిస్తే సగం బరువు దిగుతుంది.

అమ్మకి చెప్పాలా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా అదే భయం కనిపించింది. చెప్పండి. ఈ ఆదివారమే హిందూపురం వెళ్లి, పక్కన కూర్చుని చెప్పండి. కొడుకు దొంగతనం చేయలేదు, తేదీ చూసుకోలేదు. ఆమె ఏడుస్తారు, తర్వాత తేరుకుంటారు. అప్పటివరకు ఆమె చేస్తున్నది ఏమిటంటే, ఇంకొకరి కూతురింటికి వెళ్లి మావాడికి పీఆర్ వచ్చిందని చెప్పడం. ఆమెకి తెలియకపోవచ్చు, మీకు తెలుసు. ఆ సంబంధాలు ఈ నెలకి ఆపించండి.

బ్రాంప్టన్‌లో ఉదయం తొమ్మిదికి వకీళ్ల ఆఫీసులు తెరిచేసరికి మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మీరు వైట్‌ఫీల్డ్ నుంచి ఇల్లు చేరే వేళే అది. తమ్ముడితో కలిసి మీరూ ఆ కాల్‌లో ఉండండి, తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకుని. రిస్టోరేషన్ రసీదు వచ్చిన రోజు నాకు ఒక్క ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.